కూత వేసే ఇల్లు

మా ఇంటి నంబరు మా వీధిలో ఎవరికీ తెలియదు. కొరియరు తెచ్చేవాళ్ళకీ గ్యాసు బండివాళ్ళకీ కూరగాయలమ్మేవాళ్ళకీ కూడా మాది "కూత వేసే ఇల్లు". కొత్తవాళ్ళెవరైనా గుంటూరులో దిగి దారి అడిగితే, మా ఆయన పేరు చెప్పమనను, ఇదే చెప్పమంటాను. ఆ పేరు రావడానికి మా ఆయన పిచ్చే కారణం.

ఆయన గూడ్సు రైలు నడుపుతారు. లోకో పైలట్ అనాలట. మా అమ్మకి ఎన్నిసార్లు నేర్పినా "మా అల్లుడు రైలు డ్రైవరు" అనే అంటుంది, పైగా ప్రయాణికులను మోసే రైలని చెప్పుకుంటుంది. బొగ్గూ సిమెంటూ మోసేవాడంటే ఆమెకు నామోషీ. నేనేమో ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడతాను. మోటారు తిరుగుతుంటే గేటు దగ్గర గొంతు చించుకున్నా నాకు వినపడదు. మా వైపు మనుషులకు బెల్లు నొక్కే అలవాటు లేదు. "ఏమమ్మోయ్, ఉన్నావా?" అని వీధిలోంచే కేకేస్తారు, పలక్కపోతే లేదనుకుని వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోయినవాళ్ళు పక్క వీధిలో ఇంకొకావిడ దగ్గర జాకెట్టు ముక్క ఇచ్చేస్తుంటే నాకు ఒళ్ళు మండి, ఒక బెల్లు తెచ్చి తగలేయమని ఆయన్ను పోరాను. పిచ్చుక కూసేదో, గంట మోగేదో, ఏదో ఒకటి.

తెమ్మన్నది ఒకటి, ఆయన తెచ్చింది ఇంకొకటి. మనం ఏ శబ్దం ఎక్కిస్తే ఆ శబ్దమే చేసే బెల్లొకటి పట్టుకొచ్చారు. అందరూ దాంట్లో దేవుడి పాటలు పెట్టుకుంటారట. ఈయన మాత్రం సెలవు రోజున ఫోను పట్టుకుని నల్లపాడు వైపు పట్టాల పక్కకు పోయి నిలబడ్డారు. తనతో పనిచేసే స్నేహితుడు బండి తీసుకుని అటు వస్తాడని ముందే మాట్లాడుకున్నారు. అతను వచ్చి నిండుగా కూత వేశాడు. ఈయన రికార్డు చేసుకుని మురిసిపోతూ వచ్చారు. బెల్లులో ఎక్కించి నొక్కితే ముందు కూత వచ్చింది, దాని వెనకే "ఒరేయ్, బర్రె పోతంది చూడరా!" అని ఎవరిదో అరుపు వచ్చింది. నేను పడీపడీ నవ్వాను. అదే ఉంచమన్నాను. ఆయనకు రోషమొచ్చి మళ్ళీ వెళ్ళి, బర్రెలు లేని చోటు చూసుకుని ఇంకో కూత పట్టుకొచ్చారు. బెల్లుతో వచ్చిన స్పీకరు చాలలేదని ఎవరో ఆటో నుంచి పీకేసిన పాత స్పీకరు ఒకటి చెక్కపెట్టెలో బిగించి, వరండా సన్‌షేడు కింద వేలాడదీశారు. మీట గేటు స్తంభానికి పెట్టారు.

మొదటిరోజు మీట నొక్కిన ఆవిడ చేతిలో కవరు వదిలేసి రోడ్డు మధ్యకు పరిగెత్తింది. ఎదురింటి పెద్దాయన, "ఇక రైలు గేటు కూడా వేయించమ్మాయ్, అటూ ఇటూ బళ్ళాపుదాం," అని వేళాకోళం చేశారు. నేను మండిపడ్డాను. పొద్దస్తమానం చెవిలో మోగేది చాలక ఇంటికి కూడా తెచ్చుకోవాలా అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. డ్యూటీ దిగి ఇంటికొచ్చినప్పుడు గేటు తాళం తన దగ్గరే ఉన్నా ఆయన తీసుకునేవారు కాదు. మీట నొక్కేవారు. ఒక పొడుగుది, దాని వెంట ఒక పొట్టిది. అలా నొక్కేది ఆయనొక్కరే. ఎంత విసుక్కున్నా, ఆ రెండూ వినపడగానే నాకు ప్రాణం లేచొచ్చేది. ఇంటికి చేరారు, ఇక అన్నం పెట్టుకోవచ్చు అనుకునేదాన్ని.

ఒకసారి అడిగాను, ఆ కూతంటే అంత మోజేమిటని. "మా చేతిలో ఇంకేముందే?" అన్నారు. "పక్కకు తిప్పడానికి లేదు. బ్రేకు వేస్తే అంత బరువుతో బండి ఎప్పటికో ఆగుతుంది. కూతొక్కటే మేం అనుకున్న వెంటనే వెళ్ళేది. అది విని అవతలివాడు తప్పుకోవాలి. అంతే."

మిరప కోతల కాలంలో ఒకరోజు ఆయన కూత వేయకుండా ఇంటికొచ్చారు. నేను దారపు ముక్కలు ఊడ్చి పారబోద్దామని బయటికొస్తే, మెట్ల మీద కూర్చుని ఉన్నారు. ఎప్పుడొచ్చారో తెలియదు. సంచీ ఒళ్ళోనే ఉంది. ఏమైందన్నాను. "నీళ్ళు ఇక్కడికే తీసుకురా. బయటే పోసుకుంటాను," అన్నారు. చావు చూసి వచ్చినవాళ్ళు గడప దాటే ముందు బయటే నీళ్ళు పోసుకుంటారు కదా. ఇంకేమీ అడగకుండా బకెట్టు తెచ్చాను.

అది మొదటిసారి కాదు. ఆ ఉద్యోగంలో ఇది తప్పదని పెళ్ళైన కొత్తలోనే చెప్పారు. గొడ్లు పడేవి, మనుషులూ పడేవాళ్ళు. అలాంటి రోజు రాత్రికి అన్నం మానేసేవారు, మర్నాటికి మామూలు మనిషయ్యేవారు. ఈసారి కాలేదు. పైవాళ్ళు కొన్నాళ్ళు సెలవిచ్చారు, ఎవరో కూర్చోబెట్టి ధైర్యం చెప్పారట. ఆయన ఆ మాటలన్నీ విని తలూపి వచ్చి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

బెల్లు మోగితే మాత్రం లేచి కూర్చునేవారు. కళ్ళు తెరవకుండానే కుడిచెయ్యి ముందుకు చాపి గాలిలో దేన్నో పట్టుకుని లాగేవారు. అది బ్రేకు అని నాకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. స్టూలెక్కి ఆ చెక్కపెట్టె పీకేయబోయాను. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా మీద కేకలేయని మనిషి ఆరోజు వేశారు.

"తియ్యొద్దు దాన్ని! ఇంట్లో బెల్లుకే తట్టుకోలేనివాణ్ణి, రేపు ఇంజనెక్కి కూతేం వేస్తాను?"

అది ఉండిపోయింది. నేను మిషను వరండాలోకి లాక్కుని, దూరంగా ఎవరు కనిపించినా "నొక్కొద్దు, నొక్కొద్దు, వస్తున్నా" అని చెయ్యి ఊపుతూ కాపలా కూర్చున్నాను. ఇంట్లో మనిషికి ఒంట్లో బాగాలేదని వీధిలో చెప్పాను. ఏం జబ్బని అడిగితే జ్వరమన్నాను.

ఒక మధ్యాహ్నం నేను జాకెట్లకు హుక్సులు కుడుతుంటే ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. హుక్సులన్నీ ఏరి ఒకవైపు పెడుతూ, నా వైపు చూడకుండా చెప్పారు.

"విన్నాడే వాడు."

"ఎవరు?"

"కూత వినపడక పడ్డాడనుకుంటున్నారు అందరూ. వాడు విన్నాడు. మలుపు తిరగ్గానే పట్టాల మధ్యలో అటు తిరిగి నిలబడి ఉన్నాడు. కూత వేశా, బ్రేకేశా. వాడు ఇటు తిరిగాడు. హమ్మయ్య, తప్పుకుంటాడనుకున్నా. తప్పుకోలేదు. నా మొహం చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తప్పయిపోయింది, ఏమనుకోవద్దు అన్నట్టు పెట్టాడే. నేను కూత మీంచి చెయ్యి తియ్యలా. వాడు దండం దించలా."

ఇంజన్లో పక్కనుండే అసిస్టెంటు చూళ్ళేదా అన్నాను. కొత్తవాడు, అప్పటికే కళ్ళు మూసుకున్నాడన్నారు. పైవాళ్ళకు కూత వేశామని, ఆపలేకపోయామని మాత్రమే చెప్పారట. దండం సంగతి వాళ్ళెవరూ అడగలేదు, ఈయనా చెప్పలేదు. ఇది రాసుకుంటానని తర్వాతెప్పుడో అడిగితే, ఆ మనిషి పేరుగానీ వాళ్ళ ఊరి పేరుగానీ ఉండకూడదన్నారు.

నాకు ఆ చనిపోయిన మనిషి మీద జాలి వేయలేదు, చెప్పొద్దూ. కోపం వచ్చింది. చావాలనుకుంటే చచ్చావు, దండం పెట్టి మా ఆయన ప్రాణం కూడా తీయడమెందుకయ్యా అనిపించింది. ఆ కోపంలోనే రోజులు గడిచాయి.

తర్వాత ఒకరోజు నేను పెరట్లో బట్టలు ఆరేస్తుండగా బెల్లు మోగింది. ఆగకుండా రెండోసారి కూడా మోగింది. తడి చేతులతోనే పరిగెత్తాను.

"ఎవరది? నోరు లేదా పిలవడానికి? ఇంట్లో మనిషికి బాగాలేదని వీధి వీధంతా తెలుసే!"

గేటు దగ్గర పెద్దావిడ ఒకతె నిలబడి ఉంది. కొంగు తలమీద కప్పుకుంది. వేలు ఇంకా మీట మీదే ఉంది. నా అరుపులు ఆమెకు చెవికెక్కినట్టు లేదు. సన్‌షేడు కింది చెక్కపెట్టెనే చూస్తోంది. కొంచెం దూరంలో ఆటో ఆగి ఉంది, అందులో ఆమె అన్నో తమ్ముడో, ఒక ముసలాయన తలవంచుకుని కూర్చున్నాడు.

"ఇది రైలు కూతే గదమ్మా?" అంది.

"బెల్లమ్మా అది. మీరెవరు?"

"మా వాడు రైలు కింద పడ్డాడమ్మా. ఆ రైలు తోలినాయన ఇల్లు ఇదేనన్నారు."

వాళ్ళది వినుకొండ అవతల ఒక పల్లె. అక్కడి స్టేషన్లో ఎవరినో పట్టుకుని బతిమాలి మా వీధి కనుక్కుంది. వీధి మొదట్లో అడిగితే, ఏముంది, "కూత వేసే ఇల్లా? అదిగో" అని చూపించారు. ఆటో వెనక కర్రలతో ఇంకెవరైనా ఉన్నారేమోనని అటూ ఇటూ చూశాను. ఆయన ఇంట్లో లేరని అబద్ధమాడాను. ఆ మాట పూర్తికాకముందే వెనక తలుపు చప్పుడైంది. బెల్లు విన్న మనిషి పడుకుని ఉంటారా? బనీనుతోనే గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"నువ్వేనా నాయనా?"

"నేనేనమ్మా."

లోపలికి రమ్మన్నాను. రాకూడదంది. మైల, ఇంకా పెద్దకర్మ కాలేదు. గేటుకు అవతలే నిలబడి మాట్లాడింది.

"నిన్ను అనటానికి రాలా నాయనా. పట్టాల మీదికి మావాడే వచ్చాడు. నువ్వు మా ఇంటి మీదికి రాలా గదా. ఒక్కటి అడిగి పోదామని వచ్చా." కొంగుతో మొహం తుడుచుకుంది. "చిన్నకర్మ నాడు కాకి ముట్టలా. అందరూ మొక్కారు. వాడి అన్న పొలంగట్టు తగాదా మానుకుంటానన్నాడు. పిల్లల్ని చదివిస్తామన్నాం. నా ప్రాణం ఉన్నంతకాలం నీ పెళ్ళాన్ని నా కూతురల్లే చూసుకుంటానని నేనన్నా. ఎన్ని చెప్పినా ఒక్క కాకి దిగలా. ఊళ్ళో వాళ్ళకి అది చాలదూ? పెళ్ళాంతో పోట్లాడి పోయి పడ్డాడు, అందుకే ఆత్మ శాంతించట్లా అని మొదలుపెట్టారు. నా కోడలు ఏ తప్పూ చేయలా నాయనా. ఆ ముందురోజు ఇద్దరూ కలిసి కల్లంలో మిరపకాయలు ఆరబోసుకున్నారు. ఇప్పుడది అన్నం ముట్టట్లా. పట్టాల వైపు చూస్తా కూర్చుంటంది. రెండో శవం కూడా నేనే ఎత్తాల్సొచ్చేట్టుంది."

ఆయన ద్వారబంధం పట్టుకున్నారు.

"వాడు కూత వినే నిలబడ్డాడా, వినపడక నిలబడ్డాడా? అది చెప్పు. ఆఖర్న వాణ్ణి చూసింది నువ్వే."

ఎవరూ ఆపేలోపు ఆమె మళ్ళీ మీట నొక్కింది. కూత మొదటి నుంచి చివరిదాకా కళ్ళు మూసుకుని విన్నది. పక్కిళ్ళలోంచి జనం బయటికొచ్చారు. ఎవరో చిన్నపిల్ల చప్పట్లు కొట్టింది.

"ఇంత గట్టిగానే కొట్టావా?"

"ఇంకా గట్టిగానే కొట్టానమ్మా," అన్నారాయన.

"నాకు చెవులు మందం నాయనా. ఆటో మోతలో మా అన్న పక్కనే కూర్చుని చెప్పే మాటలే నాకు వినపడలా. ఇది మాత్రం వినపడింది. వాడికి వినపడదా?"

నేను ఆయన మొహం చూశాను. నిజం చెప్పేస్తారని భయమేసింది. చెప్పకుండా ఉంటారనీ భయమేసింది.

"చెవిలో ఫోను పెట్టుకుని నడుస్తున్నాడమ్మా," అన్నారు.

"ఫోను పొయ్యి గట్టు మీద పెట్టి పోయాడు నాయనా."

అంత నెమ్మదిగా ఒక అబద్ధాన్ని పట్టుకున్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఆమె కోప్పడలేదు. ఇంకో మాట కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

"ఎదురుగాలి," అన్నారు ఆయన. "ఆరోజు గాలి మా మీదికి కొట్టింది. కూత వెనక్కి పోయింది. గాలి ఉంటే ఒక్కోసారి వినపడదమ్మా."

"గాలేనంటావా?"

"గాలేనమ్మా."

ఆమె "గాలే, గాలే" అని ఆ మాటను నోట్లో తిప్పుకుంది. "అయితే ఆ మాటే వచ్చి చెప్పు. పెద్దకర్మ నాడు రా. నేను చెబితే కొడుకును వెనకేసుకొస్తుందంటారు. నువ్వు చెబితే నా కోడలు నమ్ముతుంది," అంది. దాహమేస్తోందంటే చెంబుతో నీళ్ళు తెచ్చాను. చెంబు ముట్టుకోనంది. గేటు మీదుగా దోసిట్లో పోస్తే తాగింది.

ఆటో వెళ్ళగానే నేను ఆయన మీద పడ్డాను. వెళ్తే కొడతారు, చంపేస్తారు, వాళ్ళ దుఃఖంలో వాళ్ళకు మీరు మనిషిలా కనపడరు, రైల్లా కనపడతారు, అన్నాను. అబద్ధం ఇక్కడ చెప్పింది చాలదా, అంతమంది ముందు పిండం దగ్గర కూడా చెప్పాలా అన్నాను. ఆయన అన్నీ విని, "ఆ పిల్ల పట్టాల వైపు చూస్తోందంట, విన్నావా?" అన్నారు. "ఇంకొకళ్ళు వస్తే నేను చూళ్ళేనే." ఒక్కర్నే పంపడం నావల్ల కాక, నేనూ బయల్దేరాను.

రైల్లో వద్దన్నారు. బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా పొలాల్లో ఎర్రగా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. కిటికీలు మూసినా ఘాటుకు బస్సంతా దగ్గుతోంది. ఆయన కళ్ళు తుడుచుకుంటే అది ఘాటుకే అనుకోవాలని చూశాను. పట్టాలు రోడ్డు పక్కకు వచ్చినప్పుడల్లా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. బయట ఉన్నప్పుడు అలా పట్టుకునే మనిషి కాదు.

కర్మ ఊరి బయట కాలవ గట్టు మీద జరుగుతోంది. అప్పటికే ఆకులో పిండం పెట్టి, పక్కన చనిపోయినాయన ఇష్టపడేవన్నీ పెట్టారు. గారెలు, కోడికూర, గాజుగ్లాసులో టీ. అందరూ దూరంగా జరిగి తుమ్మచెట్టు వైపు చూస్తున్నారు. కాకులు ఉన్నాయి. ఒక్కటీ దిగడం లేదు. మమ్మల్ని చూసి ఎవరో "ఈయనే, రైలు డ్రైవరు" అన్నారు. ఇద్దరు మగవాళ్ళు తువ్వాళ్ళు భుజానేసుకుని మా మీదికొచ్చారు.

"ఎంత ధైర్యంరా నీకు, ఇక్కడిదాకా వచ్చావు?"

పెద్దావిడ మధ్యలోకొచ్చి నిలబడింది. "నేను రమ్మంటే వచ్చాడు. చెయ్యేసేవాడు ముందు నా మీద వెయ్యండిరా," అంది. వాళ్ళు ఆగారు. ఆమె మా ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కోడలి ముందు నిలబెట్టింది. కోడలు చాలా చిన్నపిల్ల. గట్టు మట్టిలో కూర్చుని ఉంది. ఒళ్ళో బిడ్డ ఉందన్న ధ్యాస కూడా లేదు.

"చెప్పు నాయనా."

"ఎదురుగాలి అమ్మా," అన్నారు ఆయన. "నేను కూత వేస్తూనే ఉన్నా. గాలి వెనక్కి కొట్టేసింది. ఆయనకి వినపడలేదు. పట్టాలు దాటుతున్నాడు, అంతే."

ఆ పిల్ల తలెత్తింది. "అటు తిరిగే ఉన్నాడా?"

"అటు తిరిగే ఉన్నాడమ్మా."

"మీరు మొహం చూళ్ళేదా?"

"చూళ్ళేదమ్మా."

అప్పుడు ఆ పిల్ల ఏడ్చింది. అన్నాళ్ళలో అదే మొదటి ఏడుపని పక్కన ఆడవాళ్ళు అన్నారు. "విన్నారుగా, విన్నారుగా!" అని పెద్దావిడ ఊరందరి మీదా అరుస్తూ గుండెలు బాదుకుంది. మీదికొచ్చిన ఇద్దరిలో ఒకతను పక్కకు పోయి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఎప్పుడు బస్సెక్కుదామా అని చూస్తున్నాను.

అయినా కాకి దిగలేదు. ఎండ ఎక్కింది. మళ్ళీ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళి మొక్కారు. చనిపోయినాయన అన్న పొలంగట్టు సంగతి మళ్ళీ చెప్పాడు, ఈసారి ఏడుస్తూ చెప్పాడు. కోడలు వెళ్ళి పిల్లల్ని చదివిస్తానంది. నేను కాకి శాస్త్రాలు నమ్మేదాన్ని కాను. అంతమంది చేరి అరుస్తుంటే ఏ కాకి మాత్రం దిగుతుంది? కానీ అక్కడ నిలబడి కాకి ముట్టని ఆ ఆకును చూస్తుంటే, ఆ మనిషి అక్కడెక్కడో మొండికేసి కూర్చున్నాడనే అనిపించింది. ఇక కాలవలో కలిపేద్దామని పెద్దలు అన్నారు.

పెద్దావిడ మా ఆయన వైపు తిరిగింది. "నువ్వూ ఒక మాట చెప్పి చూడు నాయనా."

పరాయివాడు, అందులోనూ ఈయన, పిండం దగ్గరికి పోవడమేమిటని గొణుగుళ్ళు మొదలయ్యాయి. ఆయన చెప్పులు విడిచి ఆకు దగ్గరికి నడిచారు. తూలుతున్నట్టు అనిపించి నేనూ వెంటపోయి మోచెయ్యి పట్టుకున్నాను. ఆకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. అక్కడున్న వాళ్ళలో ఆ దండం ఏమిటో తెలిసింది నాకొక్కదానికే. ఆయన పెదవులు కదిపారు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"నువ్వు దండం పెట్టిన సంగతి నేనెవరికీ చెప్పనయ్యా. ఇక తిను."

మేం లేచి వెనక్కి వచ్చి, వాళ్ళ మధ్యలో నిలబడ్డాం. కాకి దిగింది. ముందు టీ గ్లాసు అంచు మీద ముక్కు ఆనించి, తర్వాత మెతుకులు ముట్టింది. దాని వెనకే మిగతావి వచ్చాయి. మేం దూరం జరిగామని దిగిందో, ఆకలై దిగిందో నాకు తెలియదు. గట్టు మీద అందరూ ఒక్కసారి పెద్దగా ఊపిరి వదిలారు. ఆ మనిషి మీద నాకున్న కోపం ఎప్పుడు పోయిందో గానీ, ఏడుస్తున్నానని మాత్రం తెలిసింది.

పెద్దావిడ ఆయన దగ్గరకొచ్చింది. ఆకు వైపు చూసింది, ఆయన చేతుల వైపు చూసింది.

"ఏం చెప్పావు నాయనా?"

"ఏం లేదమ్మా."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఆయన తల వంచుకున్నారు. ఆమె రెండు చేతులతో ఆయన చేతులు పట్టుకుని, అవి ఇంకా దండం పెట్టినట్టే దగ్గరగా ఉంటే, మెల్లగా విడదీసి కిందికి దించింది.

"సరే నాయనా, ఏం లేదు," అంది. "నన్నెవరన్నా అడిగినా నేనూ అదే చెప్తా."